అల్మారా మీది పాత ఫోన్

మార్కెట్ వెనక సందులో త్రాసులు బాగుచేసే ఆయన్ని అందరూ తూకాలాయన అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, దానితో పిలిస్తే ఆయనే పలకడు, ఇంకెవరినో అనుకుంటాడు. కొట్టు ఇరుకు. బల్ల నిండా విప్పి పడేసిన ఎలక్ట్రానిక్ త్రాసులు, స్క్రూడ్రైవర్లు, ఓ మూల చెక్కపెట్టెలో మెత్తటి గుడ్డలో చుట్టిన ఇత్తడి తూకపురాళ్లు. ఆ రాళ్లను ఎవర్నీ వట్టి చేత్తో ముట్టుకోనివ్వడు. చేతి జిడ్డు అంటినా బరువు మారుతుందంటాడు.

బతుకంతా దొంగ త్రాసుల కడుపులు విప్పి చూసిన మనిషి. అందుకని ఆయనకు లోకంలో దేని మీదా నమ్మకం లేదు. కొన్న పంచదార ఇంటికి తెచ్చి మళ్లీ తూస్తాడు. సబ్బు బిళ్ల చిక్కిందేమోనని కాగితం మీది సన్న అక్షరాలు అద్దం పెట్టి చదువుతాడు. "నన్ను మాత్రం ఒక్కసారే చూసి చేసుకున్నారు, అదే నా ఆశ్చర్యం" అంటుంది భార్య. "అప్పుడు త్రాసు లేదు" అంటాడాయన.

వీధికి మాత్రం ఈ అనుమానం అక్కరకొచ్చేది. లాటరీ తగిలిందనీ, కాగితాలు లేకుండా అప్పిస్తామనీ ఫోన్లో ఏ కబురొచ్చినా జనం తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టేవాళ్లు. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, "చెవిలో పువ్వు పెడుతున్నాడయ్యా" అని తీర్పు చెప్పేవాడు. ఆ తీర్పు ఎన్నడూ తప్పలేదు. తప్పకపోవడమే ఆయన కొంప ముంచిందని నాకనిపిస్తుంది.

ఇల్లు రెండంతస్తులది. కింద ఆయనా, భార్యా. పైన తమ్ముడి కుటుంబం. తమ్ముడు లారీ నడుపుతాడు, ఇంటి పట్టున ఉండేది తక్కువ. మరదలు ఇంట్లోంచే ఉద్యోగం చేస్తుంది. రోగుల్ని చూశాక డాక్టర్లు చెప్పి రికార్డు చేసిన మాటలు విని రిపోర్టులుగా టైపు చేసి పంపుతుంది. రోగుల వివరాలు కాబట్టి కంపెనీ షరతులు ఎక్కువ. తలుపేసుకుని చేయాలి, ఇంటి కనెక్షన్ మీదే చేయాలి, పాస్‌వర్డ్ ఎవరి కంటా పడకూడదు. ఆ ఉద్యోగం కోసం ఆమె ఎన్ని పరీక్షలు రాసిందో, ఎన్నిసార్లు కళ్లు తుడుచుకుని మళ్లీ కూర్చుందో ఇంట్లో అందరికీ తెలుసు. తమ్ముడికి లోడు దొరకని నెలల్లో పొయ్యి వెలిగేది ఆ జీతంతోనే.

ఇంటర్నెట్ కనెక్షన్ ఆమె పేరు మీదే ఉంది. డబ్బా ఆమె గది గోడకే ఉంది. సిగ్నల్ కిందికి కూడా వస్తోందని ఆమే బావగారి ఫోన్లో వైఫై పాస్‌వర్డ్ కొట్టి ఇచ్చింది. ఆయన సగం డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "మనలో మనకేంటి బావగారూ" అంది.

ఒకరోజు ఎదురు కొట్టులో మారుతాళాలు చేసే తాళాలాయన కొత్త కబురు మోసుకొచ్చాడు.

"ఒక యాప్ వచ్చిందన్నా. మనం ఏమీ చెయ్యక్కర్లేదు. ఫోన్లో వేసి పడేస్తే చాలు, మనం వాడకుండా మిగిలిన ఇంటర్నెట్ ఎవరో వాడుకుంటారు. దానికి మనకి డబ్బులిస్తారు. నిద్రపోతున్నా వస్తూనే ఉంటాయట."

"నిద్రపోయేవాడి జేబులోంచి తీసేవాళ్లని చూశాను గానీ, పెట్టేవాళ్లని చూళ్లేదయ్యా."

"నిజమన్నా, లెక్క పెరుగుతోంది. ఇదిగో చూడు."

"లెక్క పెరుగుతుంది, డబ్బు రాదు. ఇంత జమ అయితేనే చేతికిస్తామని ఓ గీత గీస్తారు. నువ్వు ఆ గీత దాకా రాగానే దాన్ని ముందుకు జరుపుతారు. రాసిపెట్టుకో."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తాళాలాయన ముఖం చిన్నబుచ్చుకుని అక్కడికక్కడే ఆ యాప్ తీసేశాడు. ఆ సాయంత్రానికల్లా సందులో మిగతావాళ్లూ తీసేశారు.

ఇక్కడితో ఆగితే ఆయన నిజంగా గొప్పవాడే. కానీ త్రాసు దొంగదని అంటే సరిపోదు, రాయి పెట్టి చూపించాలి, అది ఆయన వృత్తి. గీత జరుపుతారన్న మాటకు రుజువు లేదు. ఆ వెలితి ఆయన్ని తొలిచేసింది. మరదలు అప్పట్లో పాస్‌వర్డ్ కొట్టిచ్చిన పాత ఫోన్ అద్దం పగిలి ఇంట్లో పడుంటే, దాన్లో ఎవరికీ చెప్పకుండా ఆ యాప్ వేశాడు. వేసేటప్పుడు షరతులు చాంతాడంత కనిపించాయి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. సబ్బు కాగితం అద్దం పెట్టి చదివే ఆ మహానుభావుడు వాటిలో ఒక్క ముక్క చదవలేదు. ఎలాగూ మోసమే, మోసగాడి కాగితం చదవడమేంటి అనుకుని, ఒప్పుకున్నట్టు వేలు పెట్టేశాడు. ఫోన్‌కి ఛార్జర్ తగిలించి అల్మారా మీద పెట్టాడు.

రోజూ కొట్టుకి వెళ్లే ముందు స్టూలు ఎక్కి చూసుకునేవాడు. లెక్క చీమ నడకలా కదిలేది. గీత దగ్గర పడుతున్నకొద్దీ ఆయనకు హుషారు పెరిగింది. అది జరిగిన రోజున తాళాలాయన ముందు ఫోన్ పెట్టి "చూశావా!" అనాలని ఆయన కోరిక. ఒకవేళ నిజంగానే డబ్బొస్తే భార్యకు కొత్త కళ్లజోడు చేయించొచ్చని కూడా ఒకటి రెండుసార్లు అనుకున్నాడు, దాన్ని మాత్రం తనకు తానే ఒప్పుకోలేదు. వాళ్లు ఇస్తారా ఇవ్వరా అన్న ఒక్క వైపే ఆయన కళ్లు పెట్టుకున్నాడు. మన కనెక్షన్ తీసుకుని వాళ్లేం చేసుకుంటున్నారన్న ఆలోచన రాలేదు. రెండు పళ్లేల త్రాసులతో బతికినవాడు ఒక పళ్లెమే చూశాడు.

ఒక ఉదయం మరదలు మెట్లు దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బావగారూ, ఒక్కసారి పైకి రండి. నన్ను లోపలికి రానివ్వట్లేదు."

కంపెనీ ఆమెకు తలుపు మూసేసింది. మీ కనెక్షన్ నుంచి అనుమానాస్పదమైన పనులు జరుగుతున్నాయి, విచారణ అయ్యేదాకా పని ఆపేస్తున్నాం అని తెర మీద ఉంది. పాస్‌వర్డ్ బయటివాళ్లకి అమ్ముకుందని అనుమానిస్తున్నారేమోనని ఆమె భయం.

తూకాలాయన ఆమె కంప్యూటర్ ముందున్న, కింద చక్రాలుండే కుర్చీలో కూర్చుని కళ్లజోడు సర్దుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆయనకు ఆ క్షణం బాగానే ఉంది. ఆమె ఫోన్ తీసుకుని ఒక్కొక్కటీ అడిగాడు. ఇదేంటి? పాటలు వినేది. తీసెయ్. ఇది? గళ్లు నింపే ఆట. తీసెయ్. ఎవరైనా పంపిన లింకు నొక్కావా?

ఆమె చాలాసేపు ఆలోచించింది. "మొన్నామధ్య చెప్పులు సగం ధరకి ఇస్తామని ఒకటొస్తే నొక్కాను. ఏమీ తెరుచుకోలేదు, వదిలేశాను."

"అదే!" అని ఆయన తొడ చరిచాడు. "ఇంకేం వెతకక్కర్లేదు. చదువుకున్నదానివి, నీ చెవిలో కూడా పువ్వు పెట్టారు చూడు."

ఆమె ఏడ్చింది. "నా చేతులారా చేసుకున్నాను బావగారూ" అంది. ఆయన ఓదార్చాడు. కిందికి వస్తూ, తన తీర్పు ఇంకోసారి నిజమైందని భార్యతో చెప్పాడు కూడా.

మర్నాడు మధ్యాహ్నం కంపెనీ టెక్నీషియన్ ఫోన్ చేస్తాడంటే, ఆమె భయపడి బావగారిని పక్కన కూర్చోమంది. స్పీకర్ పెట్టింది.

"మేడమ్, మీ కంప్యూటర్ బాగానే ఉంది" అన్నాడతను. "గొడవంతా కనెక్షన్‌తోనే. ఇంటికి డోర్ నంబర్ ఉన్నట్టు కనెక్షన్‌కీ ఒక అడ్రస్ ఉంటుంది. మీ అడ్రస్ మీదుగా కొన్నాళ్లుగా ఎవరెవరో వేరేవాళ్ల అకౌంట్లలోకి దూరాలని చూస్తున్నారు. ఇంటర్నెట్ పంచుకుంటే డబ్బులిస్తామనే యాప్‌లు ఉంటాయి. వాటిని వేసుకున్న ఇళ్లల్లో ఇలా జరుగుతుంటుంది. మీ ఇంట్లో ఎవరైనా వేశారా?"

తూకాలాయనకు అల్మారా మీది ఫోన్ గుర్తొచ్చింది.

మరదలు ఆ రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది. "మా ఇంట్లోనా? లేదండీ. దాన్ని మా బావగారు వీధిలోంచే తరిమేశారు. ఇదిగో, పక్కనే ఉన్నారు, కావాలంటే అడగండి."

"అవునా సార్? మీ ఇంట్లో లేదుగా?"

చెప్పడానికి అదే సమయం. ఒక్క మాట చాలు. ఆమె ఆయన వైపే చూస్తోంది, ఆ చూపులో ఎక్కడా అనుమానం లేదు.

"లేదండీ" అన్నాడు.

"అయితే మీరు కంపెనీకి చెప్పిన ఆ లింకులోంచే ఏదో దిగి ఉంటుంది మేడమ్. ఒక్కోసారి అలాగూ జరుగుతుంది" అని అతను ఫోన్ పెట్టేశాడు.

ఆయన కిందికి ఎలా వచ్చాడో ఆయనకే తెలియదు. స్టూలు ఎక్కి ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. వెచ్చగా ఉంది. గీతకు ఇంకా కాస్త దూరంలో ఉంది లెక్క. యాప్ తీసేసి, ఫోన్ ఆపేసి, ఛార్జర్ పీకాడు.

భార్య వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఏంటండీ అది?"

"పాత ఫోన్. పడేద్దామని."

"పడేసేదానికి ఇన్నాళ్లూ ఛార్జింగ్ ఎందుకు పెట్టారు?"

ఆయన ఛార్జర్ తీగ చేతికి చుట్టుకోసాగాడు. ఆవిడ రెట్టించలేదు, ఆ రోజు అన్నం పెట్టి పక్కన కూర్చోలేదంతే.

ఆ తర్వాతి రోజులు ఆయన సగం మనిషయ్యాడు. రోజూ తెల్లవారగానే పైన కుర్చీ చక్రాలు గచ్చు మీద దొర్లే చప్పుడు వినపడేది, ఇప్పుడు లేదు. అన్నం ముందు కూర్చుంటే ఆ నిశ్శబ్దమే వినపడేది. కొట్టులో ఒక కూరగాయలామె త్రాసును సరిచేసి ఇస్తే, అది తప్పు చూపిస్తోందని మర్నాడు వెనక్కి తెచ్చింది. ఆయన చేతిలోంచి అలాంటిది వెళ్లడం ఎవరూ ఎరగరు. చెప్పేయాలని రోజూ మెట్లు ఎక్కేవాడు. సగం ఎక్కి, ఆమె ముఖం ఎలా మారుతుందో తలుచుకుని, దిగిపోయేవాడు. సిగ్గు ఒకటైతే, భయం ఒకటి. ఆ "లేదండీ" అన్న మాట ఆయన్ని నిలవనివ్వలేదు, పడుకోనివ్వలేదు.

ఓ ఉదయం పైన కుర్చీ చక్రాలు కదిలాయి. ఆయనకు ప్రాణం లేచివచ్చింది. ఉద్యోగం దక్కింది, ఇక నిజం చెప్పినా నష్టం లేదనుకుని, పాత ఫోన్ జేబులో వేసుకుని, ఈసారి పైదాకా ఎక్కాడు.

"రానిచ్చారు బావగారూ" అంది ఆమె. గొంతులో సంతోషం లేదు. "రిపోర్టులు మాత్రం ఇవ్వరట. వేరేవాళ్లు టైపు చేసినవాటిలో తప్పులు దిద్దాలి. జీతం సగం. నమ్మకం కుదిరాక చూస్తామన్నారు."

"నమ్మకమేంటి, నీ తప్పు లేదని..."

"నాదేనని ఒప్పుకున్నాను. ఒప్పుకుంటేనే తీసుకుంటామన్నారు. అజాగ్రత్తగా లింకు నొక్కింది నేనే అని ఫోన్లో చెప్పించుకుని రికార్డు చేసుకున్నారు."

ఆయన జేబులోంచి ఫోన్ తీసి ఆమె బల్ల మీద పెట్టాడు. నిలబడే చెప్పాడు. ఎందుకు వేశాడో, ఎక్కడ దాచాడో, అంతా చెప్పాడు. ఆమె అడ్డు రాలేదు. పగిలిన అద్దం వైపు చూస్తూ కూర్చుంది.

"ఎంతొచ్చింది బావగారూ?" అంది చివరికి.

"ఇంకా రాలేదమ్మా. గీత దాకా చేరలేదు."

ఆమె తలూపింది. "ఆ టెక్నీషియన్ అడిగాడు కదా. అప్పటికి మీకు తెలుసా?"

"తెలుసు."

ఆయనే మళ్లీ అన్నాడు. "ఇప్పుడే ఫోన్ చెయ్యి తల్లీ. తప్పు నాదని నా నోటితో నేనే చెబుతాను. నీ పని నీకు ఇచ్చేస్తారు."

"ఇవ్వరు. మొన్న ఒకలా చెప్పావు, ఇవాళ ఇంకోలా చెబుతున్నావు, నిన్నెలా నమ్మాలంటారు. ఉన్న ఈ కాస్తా పోతుంది." ఆమె గొంతు పెంచలేదు. "మీరు నాకు ఏమైనా చెయ్యాలనుకుంటే ఎవరికీ చెప్పకండి. మీ తమ్ముడికి కూడా. ఆ చెప్పుల లింకు నొక్కింది నేనే. అలాగే ఉండనివ్వండి."

"అంత మాట నీ మీద వేసుకుని..."

"మీరే కదా, 'అదే' అన్నారు."

ఆమె కుర్చీ తెర వైపు తిప్పుకుని చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంది. ఆయన ఫోన్ తీసుకుని మెట్లు దిగాడు. చెప్పేస్తే తేలికవుతాననుకున్నాడు పాపం. ఆ తేలిక ఆయనకు దక్కలేదు, దక్కకపోవడమే సబబని నేనంటాను.

వీధికి మాత్రం ఆయన ఇంకా తూకాలాయనే. మరదలు ఏదో లింకు నొక్కి ఉద్యోగం మీదికి తెచ్చుకుందన్న కబురూ అప్పటికే వీధిన పడింది. కొట్టు మూసిన ఓ రోజు ఆయన ఇంటి గుమ్మంలో కూర్చుని ఉంటే తాళాలాయన వచ్చాడు. రోజూ ప్రకటనలు చూస్తే డబ్బులిస్తామని ఎవరో పంపారట, చేతిలో ఫోన్ పెట్టాడు. తూకాలాయన దాన్ని చూడకుండానే వెనక్కి ఇచ్చాడు.

"మోసమేనా అన్నా?"

"నన్ను అడక్కయ్యా."

"నిన్ను కాక ఎవర్ని అడుగుతాం?" తాళాలాయన గొంతు తగ్గించాడు గానీ, ఆ తగ్గించడం పై అంతస్తు దాకా వినపడేలా ఉంది. "అంత మనిషివి ఇంట్లోనే ఉన్నావు. మీ మరదలు నొక్కే ముందు నీకొకసారి చూపించి ఉంటే ఎంత బాగుండేది!"

మరదలు పైన పిట్టగోడ దగ్గర బట్టలు ఆరేస్తోంది. చేతిలోని తడి చొక్కా దులిపి తీగ మీద వేసింది.

"అవునండీ" అంది కిందికి చూసి. "బావగారిని అడగాల్సింది."

ఖాళీ బకెట్ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తాళాలాయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. పైన కుర్చీ చక్రాలు కదిలిన చప్పుడు వినపడేదాకా తూకాలాయన తల ఎత్తలేదు.