రైల్లో పోయిన మిరప విత్తనం

పంతొమ్మిది వందల నలభైలలో నరసరావుపేట నుంచి మాచర్ల పోయే రైల్లో ఒక పెద్దాయన నా విత్తనాన్ని కిటికీలోంచి పారబోశాడు. ఆ కోపం నాకింకా తీరలేదు.

అది కారం లేని బెంగుళూరు మిరప విత్తనం. మా ఎండకు పూతంతా రాలిపోతుంటే తాటాకు పందిరి వేసి, రెండు పూటలా కడవతో నీళ్లు మోసి పాతిక కాయలు నిలబెట్టాను. అవి ఎర్రగా పండాక తీసిన గింజలు. గురజాలలో నలుగురు రైతులకు ఇస్తానని మాటిచ్చాను. రైల్లో ఆ పెద్దాయన తాను దొరల తోటలో తోటమాలిగా చేశానంటే, మెచ్చుకుంటాడని మూట విప్పి చూపించాను.

“చుట్టూ ఏం పంట అబ్బాయ్?” అన్నాడు.

“ఇంకేముంటది బాబాయ్, నాటు మిరపే. గట్టు దాటితే అదే.”

“పూతకు గుడ్డ కట్టావా?”

“మిరప పూతకు గుడ్డేంది? అదేమన్నా పెళ్లికూతురా?”

ఆయన నవ్వలేదు. “తేనెటీగ గట్టు చూసి ఆగుద్దా? నాటు పూల పుప్పొడి మోసుకొస్తే ఆ కారం దీంట్లోకి వచ్చేసుంటది. ఏడాదంతా చాకిరీ చేసి ఆ నలుగురూ నిన్ను తిట్టుకోవాలా?” అంటూ మూట లాక్కుని బయటికి దులిపేశాడు. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. పక్కవాళ్లు విడదీశారు.

నా పంచె మడతల్లో చిక్కిన గింజలు మరుసటేడు నాటాను. కాయ లావుగానే వచ్చింది. కొరికితే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన చెప్పింది నిజమే. నిజమైతే మాత్రం, ఒకడి ఏడాది కష్టాన్ని దులిపేసే అధికారం ఆయనకెవరిచ్చారు? నోటితో చెబితే నేను వినేవాణ్ణి కాదంటారా, అది వేరే సంగతి. అప్పటినుంచి ఏటా విత్తనం కోసం ఉంచిన మొగ్గలకు పల్చటి గుడ్డ సంచులు కడుతున్నాను, ముడికొక తిట్టు ఆయన్ని తిడుతూ.