అత్తింటి పుస్తె

రిటైరయ్యాక అందరూ వాకింగ్ మొదలుపెడితే నేను మెటల్ డిటెక్టర్ కొనుక్కున్నాను. వెర్రి వేయి విధాలన్నారు మావారు. అమెరికాలో మేముండే ఊరు కమ్మింగ్‌లో మా కాలనీ పార్కంతా ఆ కర్ర ఊపుకుంటూ తిరిగితే నాకు దక్కినవి కాసిని నాణేలు, సోడా మూతలు, ఎవరిదో ఒక పెళ్లి ఉంగరం. ఆ ఉంగరం సొంతదారుకు చేరాక నాకు కాస్త పేరొచ్చింది.

అందుకే పక్కవీధి అమ్మాయి నాకు ఫోన్ చేసింది. మర్నాడు వాళ్లాయనకు గుండె ఆపరేషన్. ఆయన్ని హాస్పిటల్లో చేర్చి, బట్టల కోసం ఇంటికొచ్చింది. పెరట్లో మెడలోని పసుపుతాడు తెగింది. పుట్టింటివాళ్లు పెట్టిన పుస్తె జాకెట్లో చిక్కుకుంది. అత్తింటిది ఎక్కడో రాలిపోయింది.

"అక్కా, రేపే సర్జరీ. అది దొరక్కుండా నేను ఆయన ముందుకెళ్లలేను," అంది.

నాకు శకునాల మీద నమ్మకం లేదు. కానీ ఆ గొంతు విని ఉన్నపళంగా బయలుదేరాను.

పెరటి చివర ఫెన్సు, దాని వెనక పైన్ చెట్లు. మిట్టమధ్యాహ్నం కూడా ఆ మూల వెలుతురు తక్కువే. అక్కడే పడి ఉంటుందని చూపించిందా అమ్మాయి. నాలుగడుగులు వేశానో లేదో డిటెక్టర్ బొంగురుగా మోగింది. అంటే ఇనుము. అప్పుడే రాలిన పుస్తె పైనే ఉంటుందని తెలుసు. అయినా చేతి దురద ఊరుకోదు కదా, తవ్వాను. జానెడు లోతున తుప్పు పట్టిన పిడి. ఏ పాత బీరువాదో అనుకున్నాను.

అడుగవతల మళ్లీ అదే మోత. ఆ పక్కన ఇంకోటి. ఎదురు వరుసలోనూ మూడు. మధ్యలో సరిగ్గా ఒక మనిషి పడుకునేంత చోటు. అవి శవపెట్టె పిడులు. ఇల్లు కట్టినవాళ్లు పైమట్టి గీకేశారు గానీ, కింద ఏముందో చూసుకోలేదు. పిడిని ఉన్నచోటే పెట్టి మట్టి కప్పేశాను. పక్కన అలాంటిదే ఇంకో సమాధి. మూడోది పొట్టిది, మా మనవరాలంత.

ఇల్లు కొనేముందు ఈ అమ్మాయి ఇండియాలోని వాస్తు సిద్ధాంతికి వీడియో కాల్‌లో గదిగదీ చూపించింది. తూర్పు గుమ్మం భేషన్నాడాయన. నేల కింద ఎముకలుంటే శల్యదోషమంటారు. అది వీడియోలో కనబడదు. ఆపరేషన్ ముందురోజు ఈ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పుస్తె ఆ పొట్టి జాగా మీదే, పైన్ ఆకుల్లో దొరికింది.

ఆ అమ్మాయి కళ్లకద్దుకుని భోరున ఏడ్చింది. అక్కడే కొత్త తాడుకు ఎక్కించుకుంటూ అడిగింది. "ఇంకేవో మోగాయి కదక్కా?"

"పాత పైపులమ్మా."

"చిన్నదాని దగ్గర కూడా మోగిందా?"

డిటెక్టర్ ఆపేసి ఆ అమ్మాయి వైపు తిరిగాను.

"ఇక్కడ సమాధులున్నాయని ఫెన్స్ వేసినవాళ్లు చెప్పారు. భయపడతారని ఆయనకి చెప్పలేదు. డాక్టర్ సర్జరీ అన్నప్పటినుంచి రోజూ దాని దగ్గర గ్లాసుడు పాలు పోస్తున్నా. ఇవాళ పాలు పోద్దామని వంగితేనే తాడు తెగింది. నువ్వే చెప్పక్కా, లాక్కోబోయిందా, తిరిగిచ్చేసిందా?"

ఇంకెవరైనా అడిగుంటే నవ్వేదాన్ని. నాకు నిజంగా భయమేసింది. ఆ అమ్మాయికే కాదు, కాళ్ల కింద నేలక్కూడా వినబడేలా గట్టిగా అన్నాను.

"ఇచ్చేసింది. నువ్వు కారెక్కు."