నోట్లో కిళ్లీ, చేతిలో మృదంగం

మృదంగం చేతులతో వాయిస్తారని లోకమంతటికీ తెలుసు. పందొమ్మిదివందల అరవైల చివర్లో, విజయనగరంలో గురువుగారి దగ్గర ఆరేళ్లు నేర్చుకున్నాక కూడా నేను మాత్రం నోటితోనే వాయించేవాణ్ణి. తకధిమి, తకజొణు అంటూ పెదవులు లెక్కపెడితే గానీ వేళ్లు కదిలేవి కావు. "మేక ఆకు మేస్తన్నట్టుంటాది" అనేది మా ఆవిడ.

నన్ను కచేరీలకు పిలిచే గాయకుడు ఒక్కడే. పొందూరులో ఓ పెళ్లి కచేరీకి ముందు ఆయన తెగేసి చెప్పాడు. "ఒరే, నీ మూతి సూస్తే నా పాట తప్పుతన్నాది. ఈసారి కదిలిందో, నీకూ నాకూ సెల్లు!" అటు మా మావ గరివిడి ఫ్యాక్టరీలో నాకు గుమాస్తా ఉద్యోగం చూసిపెట్టి, పళ్లికిలిస్తూ కాచుకుని ఉన్నాడు. మృదంగం వదిలి బతకడమంటే నాకు చచ్చే భయం.

పెదవులు బిగించి సాధన చేశాను. లెక్క తప్పింది. పళ్లు కరుచుకున్నాను. వేళ్లు కొయ్యబారాయి. ఏడుపు మొహంతో గురువుగారి దగ్గర కూలబడ్డాను. ఆయన బుగ్గలో ఎప్పుడూ కిళ్లీ ఉండేది, కచేరీలో కూడా. ముసలాయనకి అదో యావ అనుకునేవాణ్ణి.

పెళ్లిలో నేను వేదిక ఎక్కబోతుంటే, నాతోపాటు వచ్చిన గురువుగారు తన పొట్లంలో మిగిలిన ఒక్క కిళ్లీ తీసి నా నోట్లో కుక్కారు.

"నవలకు, మింగకు, ఉమ్మకు. ఆరేళ్లు నేర్పినాను కదేటి ఆ సేతులికి? ఆటిని నమ్మరా ఎదవా. నువ్వు అడ్డం రాకు."

నాలుక కదపడానికి చోటు లేదు. తని ఆవర్తనం వంతు రాగానే గాయకుడు పాట ఆపి, ఇక నువ్వొక్కడివే వాయించుకో అన్నట్టు నాకేసి చూశాడు. గరివిడే గతి అనుకున్నాను. కానీ ఎర్ర రసం కారకుండా చూసుకోవడంలోనే నా తెలివంతా ఖర్చయిపోయింది. ఈలోగా చేతులు నన్నడక్కుండానే వాయించుకుపోతున్నాయి. పిలవని చుట్టంలా పక్కన కూర్చుని వింటున్నాను.

చివరి ముక్తాయింపు ఎత్తుకుంటూ ముందువరసకేసి చూశాను. గురువుగారి నోరు ఖాళీ. ఆయన పెదవులు, అచ్చం నాలాగే, మేక మేస్తున్నట్టు ఆడుతున్నాయి. తకధిమి, తకజొణు. ఇన్నేళ్లూ కిళ్లీ చాటున దాచుకున్న గుట్టు, నాకోసం పెళ్లివాళ్లందరి ముందూ బయటపెట్టుకుని కూర్చున్నాడు మహానుభావుడు. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు. చేతులు అదేమీ పట్టించుకోకుండా తాళం సమం మీద సరిగ్గా వచ్చి పడ్డాయి.

"భలే!" అన్నాడు గాయకుడు. చిత్తం అనబోయాను. రసమంతా కొత్త పొందూరు ఖద్దరు లాల్చీ మీదికి దిగింది.

మర్నాడు గురువుగారికి రెండు కిళ్లీలు పట్టుకెళ్లాను. ఆయన పొట్లం విప్పి, ఒకటి బుగ్గన పెట్టుకున్నారు.

"ఒకటి నీదిరా," అని నా చేతిలో పెట్టారు.