ఒరిగిన అక్షరాల పేజీ

తెలంగాణ వచ్చే ముందటి ఏడాది, ఫ్యాషన్ డిజైన్ చదువుతున్న మా మనవరాలు తోటివాళ్లతో కలిసి ఒక పత్రిక మొదలుపెట్టింది. నాచారంలో మా ముందుగది నిండా కాగితాలే. నేనెరిగిన పత్రికల్లో అట్ట మీద అమ్మాయి నవ్వుతుంది. వీళ్ల పత్రికలో ఎవరూ నవ్వరు. సగం తల పేజీ బయటే ఉండిపోతుంది. ఫొటోకు జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌కు మళ్లీ జిరాక్స్ తీసి, మొహం మసకబారాక అతికిస్తారు. చేతిరాతను బట్టలాగా వెనక పరుస్తారు.

"మరి చదివెటోళ్లు ఏం చదవాలె?" అన్నాను.

"చదువుడు కాదు తాతా, చూసుడు."

ఆ చేతిరాత కోసం నా డైరీలు అడిగింది. ఫ్యాక్టరీలో చేరిన నాటి నుంచి ఒక్క రోజు తప్పకుండా రాసినవి. నాలుగైదు తిరగేసి పెదవి విరిచింది.

"అంతా గీత గీసినట్టు రాసినవు. స్కూల్ కాపీ లెక్కుంది."

చివరికి ఒక పేజీ దగ్గర ఆగింది. అందులో వరుసలు కిందికి జారాయి, ఒకచోట సిరా అలికినట్టయింది. "ఇది మస్తుంది," అంది. అది మా ఆవిడ దవాఖానాలో ఉన్న పదకొండో రోజు పేజీ. తెలుగు కూడబలుక్కుని చదివే పిల్ల, అందులో ఏముందో చూడలేదు.

'నేటికి పదకొండు రోజులు. తమ్మునికి చెప్పొద్దని మళ్లీ అడిగింది' అని ఉంది. అప్పుడు ఆమె తమ్ముడికి, అంటే మా బావమరిదికి, గుండె ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు. మర్నాడే ఆమె పోయింది. అంతా ఒక్కపూటలో అయిపోయిందని అతనితో చెప్పాను. అక్క ఎవరినీ తిప్పలు పెట్టకుండా పోయిందని అతను ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకునేవాడు.

వద్దనవలసింది. "లేతగ వేస్త తాతా, మీద మేం కుట్టిన కోటు ఫొటో వస్తది. ఎవ్వరు చదువుతరు?" అంటే సరేనన్నాను. అచ్చయ్యాక భూతద్దంతో చూశాను. నాకే ఒక్క అక్షరం కనబడలేదు.

పత్రికను నెట్‌లోనూ పెట్టారు, ఆ పద్ధతి వేరని నాకు తెలియదు. అక్కడ తెరవగానే నా పేజీ ఒక్కటే తెర నిండా, నల్లగా. కిందికి జరిపితే తప్ప కోటు రాదు. దమ్మాయిగూడలో మా బావమరిదికి అతని కోడలే మురిపెంగా చూపించిందట.

ఫోన్ చేశాడు. "బావా, గది నీ రాతనే గదా?"

"నాదే."

"ఒక్కపూటల పోయిందంటివి. పదకొండు దినాలు నేను మంచంల పండుకొని టీవీ సూసుకుంట ఉన్న."

ఆ మాట మనవరాలికి చెప్పాను.

మనవరాలు ఏడుస్తూ ఆ పేజీ తీసేసింది. అప్పటికే ఎవరెవరో దాన్ని నెట్‌లో తమ చోట్ల పెట్టుకున్నారు. తెలుగు రానివాళ్లు, అక్షరాల వంపు బాగుందని రాశారు. తీసేయమని అడిగితే ఒక్కరూ పలకలేదు.

మర్నాడు బావమరిది మళ్లీ ఫోన్ చేశాడు. "తక్కిన పది దినాలు గూడ రాసినవా?"

"రాసిన."

"తీసి పెట్టు. వస్తున్న."

ఆ పది పేజీలూ చదివాను. రాత తిన్నగానే ఉంది. రోజూ చెప్పొద్దనే అడిగింది. ఏడో రోజున మాత్రం, తమ్ముణ్ణి ఒక్కసారి చూడాలని ఉందని అంది. అదీ రాశాను. పేజీ చింపడం నాకు చేతకాని పని. అతను నాచారంలో బస్సు దిగానని ఫోన్లో చెప్పేసరికి, డైరీ తీసి బల్ల మీద పెట్టాను.