ముక్కుసూటి పెద్దమ్మ

మా పెద్దమ్మ దర్జీ. బజారులో చిన్న దుకాణం, ఒక మిషను, ఒక నిలువుటద్దం. ముక్కుసూటి మనిషని ఆమెకి పేరు. ఈ మాటను జనం వాడే తీరు చూస్తే నాకు ఒళ్లు మండేది. పెద్దమ్మ పక్కవాళ్లని ఉన్నదున్నట్టు అంటే ముక్కుసూటి, తమనే అంటే నోటిదురుసు. మనిషి అదే, మాటా అదే.

"ఈ గౌనులో సన్నగా కనిపిస్తానా?" అని ఒకావిడ అడిగితే, "కుట్టగలను గానీ మంత్రాలు వేయలేనమ్మా" అంది. ఆవిడ నెల్లాళ్లు అలిగి, మళ్లీ ఇక్కడికే వచ్చింది.

అమ్మ జబ్బు సంగతి డాక్టరు నాకూ నాన్నకూ మాత్రమే చెప్పాడు. మేం అమ్మకి చెప్పలేదు. ఇక పెద్దమ్మకి చెబితే దాగుతుందా? గౌను వదులైందని అమ్మ అంటే, "ఉతికి ఉతికి సాగిపోయిందిలే" అన్నాను. దర్జీ చెల్లెలితో అనాల్సిన మాటేనా అది!

మర్నాడే అమ్మ ఆ గౌను తొడుక్కుని దుకాణానికి బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను.

పెద్దమ్మ టేపు చుట్టి చూసింది. "ఈ గుడ్డ సాగే రకం కాదే. నువ్వే చిక్కావు, నాలుగంగుళాలు. ఏమైంది?"

నేను వంగి కింద పడ్డ గుడ్డముక్కలు ఏరసాగాను.

"వీళ్లు చెప్పరక్కా. నెల నుంచి నా కళ్లలోకి చూడట్లేదు" అంది అమ్మ.

"చెప్పు" అంది పెద్దమ్మ నాతో. ఏడుస్తూ అంతా చెప్పేశాను. అమ్మ మాత్రం ఏడవలేదు. కుర్చీలో కుదురుగా కూర్చుని, "నయమవుతుందా అక్కా?" అని అడిగింది.

ఈ ఒక్కసారికి అబద్ధమాడు పెద్దమ్మా అని మనసులో బతిమాలుకున్నాను.

"తెలీదే" అంది పెద్దమ్మ. "రేపట్నుంచి ఆస్పత్రికి నేనొస్తా."

అమ్మ గౌను మార్చుకుని ఇచ్చింది. బిగించేటప్పుడు మిగిలిన గుడ్డ కత్తిరించెయ్యడం పెద్దమ్మ పద్ధతి, లోపల ఉంటే కుట్టు ఉబ్బుతుందని. ఆరోజు కత్తెర ముట్టలేదు. నాలుగంగుళాలూ లోపలికి మడిచి, పొడుగు కుట్లు వేసింది.

"కత్తిరించవా అక్కా?"

"నువ్వు మళ్లీ ఒళ్లు చేస్తే విప్పాలి కదే."

అప్పుడు ఏడ్చింది అమ్మ.