రెండో చరణం

కువైట్ సిటీలోని ఆ ఆఫీసులో జ్ఞానమ్మది తుడిచే పని, టీ పెట్టే పని. పొద్దున్నే టైపిస్టు సిల్వియా టేపురికార్డరులో ఒకే ఇంగ్లీషు పాట పెట్టేది. ఆఫీసుల్లో ఆడవాళ్ళు పడే అగచాట్ల మీద వచ్చిన అమెరికా పాట, ఊరంతా మోగిన పాట. సిల్వియా చర్చిలో పాడే పిల్ల కదా, ఇదీ ప్రభువు పాటేననుకుంది జ్ఞానమ్మ. అర్థం తెలీకపోయినా కప్పులు కడుగుతూ భక్తిగా పాడుకునేది. రెండో చరణంలో బాసును తిట్టే చోటుంది. అది మొదలవకముందే మేనేజరు యేసుదాసు గదిలోంచి వచ్చి టేపు కట్టేసేవాడు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగింది. రొట్టెల కోసం వరసలో నిలబడ్డ సిల్వియాకు తూటా తగిలింది. సమాధి చేద్దామంటే పాస్టరు దొరకలేదు. "ఆ పిల్లకిష్టమైన కీర్తన నేను పాడతానండి," అని జ్ఞానమ్మ కొంగు తలమీద కప్పుకుంది. కళ్ళు మూసుకుని ఆ పాటే ఎత్తుకుంది. చుట్టూ ఉన్న ఆఫీసువాళ్ళు తలలు వంచుకున్నారు. మొదటి చరణం కాగానే ఆగిపోయింది. "నాకింతవరకే వచ్చండి, సార్. తర్వాతది ఎప్పుడూ వినలేదండి."  రెండో చరణం యేసుదాసు తనే అందుకున్నాడు, ఒక్క తిట్టూ వదలకుండా.