ముక్కు పైకెత్తినా ఆగని ఇంజన్ కోసం: సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా

మిర్యాలగూడలో ఉండే మా బావ శ్రీనివాస్ నెలల తరబడి కష్టపడి చేసిన మోడల్ విమానం, నిరుడు నేల విడిచిన కాసేపటికే ఇంజన్ ఆగిపోయి పొలం గట్టుకు కొట్టుకుంది. తర్వాత ఆయన చాలాకాలం రిమోట్ ముట్టలేదు. ఈ మధ్య మళ్లీ ఒకటి కట్టాడని అక్క ఫోన్‌లో చెప్పగానే, "ఇంజన్ నేను చూసి తెస్తా" అన్నాను. సూర్యాపేటలో మోటార్లు పరీక్షించే ల్యాబు చూసుకునే ఉద్యోగం నాది. ఈసారి మధ్యలో ఆగే ఇంజన్ ఆ విమానానికి ఎక్కకూడదని గట్టిగా అనుకున్నాను.

కోదాడలో రాఘవయ్య గారనే పెద్దాయన తన ఫోర్-స్ట్రోక్ ఇంజన్ అమ్ముతున్నారని తెలిసింది. ఉదయం ఏడింటికి సూర్యాపేటలో బస్సెక్కితే హైవే మీద గంటలో కోదాడ. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే, "చూపు తగ్గిందమ్మా. పైకి లేచాక విమానమేదో, గద్దేదో తెలియట్లేదు" అన్నారాయన. "నా మాట మీద తీసుకెళ్లకండి. నడిపి చూసుకోండి."

ఇంజన్ చల్లగా ఉండగానే వాల్వుల సందు కొలిచాను. ఆ సందులో తేడా వస్తే ఫోర్-స్ట్రోక్ మొండికేస్తుంది. తర్వాత బల్లకు బిగించి స్టార్ట్ చేశాం. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఒక్కసారిగా వేగం పెంచినా తడబడలేదు. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిచింది. ఇద్దరికీ నచ్చిన ధర చెల్లించి బయల్దేరేసరికి మధ్యాహ్నం దాటింది.

కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు గంటన్నర పైనే పడుతుంది. రానుపోను బస్సు ఛార్జీలు పెద్ద భారమేం కాదు. నా ఒళ్లోని సంచి చూసి కండక్టర్, "ఏందమ్మా అది, మిక్సీనా?" అన్నాడు. "విమానం ఇంజన్" అంటే నవ్వి, "అయితే కిటికీ దిక్కు కూసో, ఎగిరిపోతది" అన్నాడు.

బస్టాండు నుంచి బావ బండి మీద త్రిపురారం దారిలో కోతలైన పొలానికి వెళ్లాం. ఇంజన్ బిగించి స్టార్ట్ చేయగానే బావ, "మంచిగ నడుస్తుంది గద, ఇగ ఎగరేద్దాం" అన్నాడు.

"ఆగు బావా. ముక్కు పైకెత్తి సూడాలె."

ఆయన వెనక నుంచి విమానాన్ని పట్టుకుని నిలువుగా లేపాడు. ఇంజన్ దగ్గి, ఆగిపోయింది. బావ దాన్ని కిందికి దించి నా వైపు తిరిగాడు.

"కోదాడల నడిచిందంటివి గదా?"

"బల్ల మీద నడిచింది. పైకి లేసేటప్పుడు విమానం గిట్లనే నిలువుగ ఉంటది."

"ఒక్క రౌండ్ ఏసి దించేస్త. పొద్దు గూకుతుంది సరితా."

"ఇయ్యాల ఎగరకున్నా ఏం కాదు. గిట్ల మాత్రం ఎగరనియ్య."

బావ విసురుగా పోయి గట్టు మీద కూర్చున్నాడు. నేను విమానం పొట్ట విప్పి చూశాను. ఇంధనం ట్యాంకు ఇంజన్ కంటే బాగా కిందికి ఉంది. ముక్కు లేస్తే ఇంధనం పైదాకా అందడం లేదు. స్పాంజి ముక్కలు పెట్టి ట్యాంకును పైకి జరిపాను, ఇంధనం కాస్త ఎక్కువ వచ్చేలా కార్బురేటర్ సూదిని తిప్పాను. స్టార్టయిన మోత విని బావ తనే లేచి వచ్చాడు. మళ్లీ మళ్లీ నిలువుగా లేపి, చేతులు నొప్పి పుట్టేదాకా పట్టుకున్నాడు. మోత మారలేదు. అప్పుడే రిమోట్ ఆయన చేతికిచ్చాను.

పక్కనున్న కాలువ మీదుగా తిరిగి, పొలం చుట్టూ తీరిగ్గా చక్కర్లు కొట్టి, విమానం వరి మోళ్ల మధ్య మెత్తగా దిగింది. ఇంజన్ ఇంకా నడుస్తూనే ఉంది. బావ దాన్ని ఆపకుండా కాసేపు అలాగే వింటూ నిలబడ్డాడు.

మంచి ఇంజన్ అంటే వెంటనే స్టార్టయ్యేదని చాలామంది అనుకుంటారు. ఏ విమానానికి బిగిస్తామో దానిలో, ఏ కోణంలో లేవాలో ఆ కోణంలో నడిచేదాకా ఆ మాట అనలేం. బావకు ఆ సాయంత్రం కోపం తెప్పించినందుకు నాకేం బాధ లేదు. ఇలా ఇంజన్ కోసం ఊళ్లు తిరిగేవారికి ఒక్క సలహా: ఈ ఇంధనం ఇట్టే అంటుకుంటుంది, బస్సులో తీసుకెళ్లకండి. కొన్నచోటే ఇంజన్‌ను పూర్తిగా ఖాళీ చేసుకుని, ఎగరేసే ఊళ్లో ఇంధనం ముందే సిద్ధం చేయించుకోండి.